పద్నాలుగో రీలు

నేను ఒక సినిమా రీలును. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 'మగపెళ్ళివారి లారీ' అనే హాస్యచిత్రపు ప్రింటుల్లో ఒకదానికి పద్నాలుగో రీలును. నాకు ముందూ వెనుకా తోబుట్టువులు చాలామంది ఉండేవారు. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. నేను ఎవరికీ అక్కరలేకపోయాను, అంతే. వాడినవి అరిగిపోయాయి, వాడనిది నిలిచిపోయింది. లోకంలో చాలా వస్తువుల దీర్ఘాయువుకు ఇంతకంటే ఘనమైన కారణం ఉండదు.

ఏ సంగతినైనా దాని కారణం దగ్గర మొదలుపెట్టడం మంచిది. నా పుట్టుకకు కారణం మొహమాటం. మద్రాసులో నలుగురికీ కావలసిన నిర్మాత ఒకాయన ఉండేవాడు. హాస్యచిత్రం తీస్తున్నానని ఒక నటుడితో అన్నాడు. అతనితో చెప్పి ఇతనితో చెప్పకపోతే బాగుండదని ఇంకొకరితో అన్నాడు. ఆ విధంగా ఆనాడు తెరమీద వెలుగుతున్న నవ్వుల దొరలూ దొరసానులూ అందరూ పోగయ్యారు. ఒకరికి పెద్ద సన్నివేశం ఉండి మరొకరికి లేకపోతే అలుక. కాబట్టి అందరికీ పెద్ద సన్నివేశాలే. కథ చూస్తే పిసరంత. సోడా తాగడానికి దారిలో దిగిన పెళ్ళికొడుకును మరిచిపోయి మగపెళ్ళివారి లారీ వెళ్ళిపోతుంది, ఆ తరువాత అందరూ ఊళ్ళవెంట పడి అతన్ని వెతుకుతారు. ఆ పిసరంత కథను అంతమంది పంచుకోవలసి వచ్చేసరికి సినిమా మూడున్నర గంటలు సాగింది. వడ్డించేవాడు మొహమాటపడితే విస్తరి పొంగిపొర్లుతుంది. తినేవాడి అవస్థ అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

నాలో ఉన్నది ఒక సత్రంలో విందు. వెతికి వెతికి అలసిన మగపెళ్ళివారు ఆ సత్రం ముందు లారీ ఆపి, లోపల జరుగుతున్న ఎవరిదో పెళ్ళిలో తమదే అన్నట్టు పంక్తిలో కూర్చుంటారు. పందిరి కింద వరుసగా తారలు. ఎత్తైన అరుగు మీది వంటశాల నుంచి పందిట్లోకి వాలుగా ఒక పొడవాటి పలక వేసి ఉంటుంది. ఆ పలకమీద ఒక వడ్డనవాడు, భుజాన మజ్జిగపులుసు గుండిగ పెట్టుకుని, చుక్క తొణకకుండా నడిచి వస్తాడు. చివరకు వచ్చేసరికి కాలు జారుతుంది. అతను పోయి పందిరి గుంజకు కొట్టుకుంటాడు. పందిరి తారల మీద కూలుతుంది, పులుసు అందరినీ ముంచెత్తుతుంది. తడిసిన పిల్లుల్లా అందరూ లేచి లారీ వైపు పరుగెత్తుతారు. అక్కడితో నేను అయిపోతాను.

ఆ వడ్డనవాడి పేరు కోటిలింగం. రేపల్లె మనిషి, నాటకాల్లో విదూషకుడి వేషాలు వేసేవాడు. అతను పెదవి విప్పనక్కరలేదట. ఒక పక్క నుంచి వచ్చి మరొక పక్కకు నడిచి వెళితే చాలు, ఈలలు పడేవట. ఆ నడక కోసమే దర్శకుడు అతన్ని పిలిపించాడు. అయితే పంక్తిలో కూర్చున్న తారలు అతని నడక చూసి ఆపుకోలేక, కెమెరా తిరుగుతుండగానే నవ్వేశారు. తారలు నవ్వితే షాటు పాడయినట్టే కాబట్టి మళ్ళీ తీశారు. మళ్ళీ నవ్వారు. తీసిన ప్రతిసారీ గుండిగ ఒలికింది, పలక తడిసింది. దర్శకుడికి సహజత్వం పట్టింపు ఉండడం వల్ల అది అసలైన మజ్జిగపులుసే, జిడ్డుగా ఉండేది. పలక తుడిచే పని ఎవరిదో ఎవరూ నిర్ణయించలేదు. ఆఖరిసారి కోటిలింగం పడవలసిన చోటికి ఒక అడుగు ముందే పడ్డాడు. దర్శకుడు "భేష్!" అన్నాడు. తారలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగిన తరువాత కూడా కోటిలింగం లేవలేదు.

అతని తుంటి ఎముక విరిగింది. ఆ షాటే నాలో ఉంది. పడబోయే ముందు అతని కళ్ళలో ఒక మెరుపు కనిపిస్తుంది. హాస్యనటనకు అది పరాకాష్ఠ అని ఒకాయన పత్రికలో రాశాడు. అందులో నటన ఏమీ లేదు. కాలి కింద పలక జారిపోతున్నదని తెలిసిన మనిషి కళ్ళు అలాగే ఉంటాయి. తారల పేర్లతోనే తెర నిండిపోవడం వల్ల కోటిలింగం పేరుకు టైటిల్సులో చోటు దొరకలేదు.

లాబరేటరీలో రసాయనాల తొట్టెలు దాటి, ఆరి, డబ్బాలో పడి నేను బెజవాడ చేరాను. మొదటివారం నన్ను అన్ని ఆటల్లోనూ వేశారు. దీపపు వెలుగు నా గుండా పోతూ ఉంటే ఎదురుగా చీకట్లో ముఖాలు కనిపించేవి. నేలమీద కూర్చున్న ఒక కూలీ కడుపు పట్టుకుని, "అమ్మో, ఇక నవ్వలేను, ఎవరన్నా ఆపమనండ్రా!" అని అరిచాడు. పైన బాల్కనీలో ఒక వకీలు గారు పక్కవారితో, "నేనూ అదే అంటున్నానండీ, ఆపమనే," అన్నారు. ఇద్దరి కోరికా ఒకటే. కారణాలకు మాత్రం నేలకూ బాల్కనీకీ ఉన్నంత దూరం. చంటివాణ్ణి ఎత్తుకున్న ఒక తల్లి, "వీడు నిదరపోయి లేచి, మళ్ళీ నిదరపోయి లేచాడు, లారీ ఇంకా పోతానే ఉందమ్మా," అని నిట్టూర్చింది. బడిపంతులు ఒకాయన, "మనిషి పడితే నవ్వడమేమిటి? ఇది హాస్యమా?" అని ప్రశ్నించాడు. "మొన్న మీరు నూతి దగ్గర జారిపడితే నేను నవ్వలేదూ? హాస్యం కాకపోతే ఎందుకు నవ్వుతాను?" అని ఆయన భార్య బదులిచ్చింది. ఆకాశం నిండా చుక్కలే, వెన్నెల మాత్రం లేదని ఒక పత్రిక రాసింది. పదేళ్ళకు సరిపడా నవ్వు ఒక్క సినిమాలో దొరికిందని మరొకటి రాసింది.

ఈ అభిప్రాయాలన్నీ చాలాకాలం విన్నాను, విని అలసిపోయాను. ప్రేక్షకుడు తన నడుమునొప్పినీ, ఇంటిదగ్గరి చికాకునూ, టిక్కెట్టు కొనడానికి నిలబడిన ఎండనూ వెంటబెట్టుకుని లోపలికి వస్తాడు. బయటికి పోతూ వాటికి సినిమా పేరు పెట్టిపోతాడు. మేము మాత్రం ఆటఆటకూ ఒకే బొమ్మను చూపిస్తున్నాము.

అయితే అభిప్రాయాలకు ఫలితాలుంటాయి. సినిమా సాగుతున్నదన్న మాట పంపిణీదారు చెవిన పడింది. కొంత తగ్గించాలన్నారు. ఎవరి సన్నివేశం తగ్గిస్తే ఎవరికి కోపం వస్తుందో తెలియదు కనుక, ఎవరిదీ కాని సన్నివేశం వెతికారు. నేను దొరికాను. నా ముందు రీలు సత్రం ఎదుట లారీ ఆగడంతో ముగుస్తుంది, నా తరువాతిది లారీ కదలడంతో మొదలవుతుంది. నన్ను తీసేస్తే కుట్టు కూడా కనిపించదు. ప్రింటుతోపాటు ఊరూరా తిరిగే కంపెనీ ప్రతినిధి ప్రతి హాలులోనూ ఒకే మాట చెప్పేవాడు: "టైమ్ చాలకపోతే పద్నాలుగు తీసెయ్యండి. కథకేం నష్టం లేదు." తీసిన చోట మిగిలిన చిక్కు ఒక్కటే. పొడి బట్టలతో లారీ ఆపినవారు తడి బట్టలతో లారీ ఎక్కుతారు. ఆ సంగతిని ఎవరూ పట్టించుకోలేదు.

ఇలా డబ్బాలోనే ఊళ్ళు తిరుగుతూ, సంవత్సరం గడిచాక, రేపల్లె గోవర్ధన టాకీసుకు వచ్చాను.

రేపల్లె రైలు పట్టాలకు చివరి ఊరు. ఫస్టు షో చూసే జనంలో సగంమంది ఆ లైనులోని పల్లెలవాళ్ళు. ఆట వదిలాక పరుగున పోయి ఆఖరి బండి అందుకుంటారు. కాబట్టి ఆ హాలులో ఏ సినిమా ఎంత పొడుగుండాలో నిర్ణయించేది రైలు. బొమ్మ పొడుగైతే రీలు తీస్తారు. ఇది అక్కడి రివాజు, ఎవరికీ తప్పుగా తోచని రివాజు. తీసే పని ఆపరేటరు కరీముల్లాది. అతను నన్ను తీసి ప్రొజెక్టరు క్యాబిన్లో బల్లకింద పెట్టాడు. నేను చెప్పబోయేది కొంత ఆ బల్లకింద నుంచి విన్నది, మిగిలినది కరీముల్లా తరువాత చెప్పగా తెలిసినది.

కోటిలింగం అప్పటికి ఊరు చేరి చాలాకాలమైంది. ఒక కాలు వంకర, చేతిలో కర్ర. నిలబడి చేసే పని ఏదీ చేయలేక ఒక దర్జీ కొట్లో కూర్చుని చొక్కాలకు గుండీల ఖాజాలు కుట్టేవాడు. తాను పెద్దపెద్ద తారలతో కలిసి నటించాననీ, ఆ సినిమాలోనే పడ్డాననీ చెప్పేవాడు. అతనితో కలిసి నాటకాలాడి, మద్రాసు పిలుపు రాని ఒక మిత్రుడు మరొక కథ ప్రచారం చేశాడు: కోటిలింగం మద్రాసులో తాగి, లాడ్జి మెట్లమీద నుంచి దొర్లాడని. ఊరు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూసి, రెండోదే సహజంగా ఉందని తేల్చుకుంది. అబద్ధానికి ఎప్పుడూ నిజం కంటే పొందిక ఎక్కువ. కోటిలింగం వాదించలేదు. "మన ఊరికి బొమ్మ రానీండి. మీరే చూద్దురుగాని," అనేవాడు. తన పరువంతా నా మీద పెట్టుకున్నాడన్నమాట. ఊరు ఏమనుకున్నా అతను భరించగలిగేవాడే. భార్య నాంచారమ్మ సంగతి వేరు. ఆమె నమ్మానని అనలేదు, నమ్మలేదనీ అనలేదు. ఆ మౌనమే అతన్ని తినేసింది.

మొదటిరోజు ఫస్టు షోకు కోటిలింగం వచ్చాడు. వెంట నాంచారమ్మ తమ్ముడు సూరిబాబు, దర్జీ కొట్టువాళ్ళు, సగం వీధి. నాంచారమ్మ మాత్రం రాలేదు. పదమూడో రీలు నడుస్తుండగా కోటిలింగం గొంతు క్యాబిన్ కంత దాకా వినిపించింది: "ఇదిగో, ఇప్పుడు సత్రం వచ్చుద్ది. చూస్తా ఉండండి." సత్రం వచ్చింది, లారీ ఆగింది. వెంటనే లారీ కదిలింది. తారలంతా తడిసిన బట్టలతో లారీలో కూర్చుని ఉన్నారు.

కోటిలింగం కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఆగండి! మధ్యలో ఉండాల! ఆళ్ళ బట్టలు చూడండయ్యా, ఎట్టా తడిశాయి? అది నేను పోసిన పులుసయ్యా!"

"వానొచ్చుంటది బావా," అన్నాడు సూరిబాబు. "కూచో, ఎనకాల వాళ్ళకి కనబడ్డం లేదంట."

హాలంతా విరగబడి నవ్వింది. ఆ ఆటలో అంత నవ్వు మరొకసారి రాలేదు. తారలందరూ కలిసి చేయలేనిదాన్ని కోటిలింగం ఒక్కడే, రెండోసారి, అనుకోకుండా చేశాడు.

ఆట వదిలాక క్యాబిన్ మెట్లమీద కర్ర చప్పుడు వినిపించింది. ఒక మెట్టు, ఆగడం, మరొక మెట్టు.

"కరీమూ, నా రీలేదయ్యా?"

"పద్నాలుగు వెయ్యలేదు కోటన్నా," అన్నాడు కరీముల్లా, తల దించుకుని. "రైలుకి టైమ్ చాలదు. అందులో ఉన్నది నువ్వని నాకేం తెలుసు?"

కోటిలింగం హాలు యజమాని వీరభద్రయ్యను కలిశాడు. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు.

"ఒక్క ఆటలో వెయ్యండి అయ్యగారూ. ఊళ్ళో నా మాట నిలబడుద్ది."

"నీ కోసం రైలు నిలబడుద్దా కోటిలింగం? ఆ పల్లెలోళ్ళు ఒక్కసారి బండి తప్పిపోతే ఇక బొమ్మలకి తెనాలి పోతారుగాని ఇటు రారు."

"పోనీ మ్యాట్నీలో?"

"మ్యాట్నీ లేటయితే ఫస్టు షో లేటు. ఫస్టు షో లేటయితే మళ్ళీ రైలే. ఎటు తిప్పినా అక్కడికే వస్తాం. కాఫీ చల్లారిపోతంది, తాగు."

రీలు తీశారన్న సంగతి కోటిలింగం అందరికీ చెప్పుకున్నాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది. నిజం చెప్పడంవల్ల ఊరికి ఒక నానుడి దొరికింది. ఎవడైనా కోతలు కోస్తే, "అది పద్నాలుగో రీల్లో ఉంటదిలే," అనడం మొదలుపెట్టారు. బాకీ ఎగ్గొట్టేవాడి వాయిదా పద్నాలుగో రీలు. కుదరని సంబంధం పద్నాలుగో రీలు. నేను ఆ ఊళ్ళో ఒక్కసారి కూడా తెరకెక్కకుండానే అందరికంటే ఎక్కువ పేరు సంపాదించాను.

కరీముల్లాకు మనసు ఒప్పలేదు. సినిమా మారే రోజున ప్రింటును తిరిగి కట్టేటప్పుడు, నా డబ్బా స్థానంలో ఒక ఖాళీ డబ్బా పెట్టి నన్ను ఉంచేసుకున్నాడు. ఎక్కడా వేయని రీలు డబ్బాను ఎవరూ మూత తీసి చూడరని అతనికి తెలుసు. అలాగే ఎవరూ చూడలేదు. ఆ ఖాళీ డబ్బా ఎన్ని ఊళ్ళు తిరిగిందో నాకు తెలియదు.

"రేపు పొద్దున్నే వదినని తీసుకుని రా," అని కోటిలింగానికి కబురు చేశాడు. "అయ్యగారు తెనాలి పోతన్నారు. మీ ఇద్దరికే వేస్తా."

పొద్దున్నే నన్ను యంత్రంమీదికి ఎక్కించి, దీపం వెలిగించే కార్బన్ పుల్లలు సరిచేసి సిద్ధంగా ఉంచాడు. తలుపుల సందుల్లోంచి ఎండ ఖాళీ కుర్చీల మీద పడుతున్నది. కర్ర చప్పుడు వినిపించింది. అతను ఒక్కడే వచ్చాడు.

"వదినేది?"

"రానంది."

"ఏమని?"

"'నాకెందుకు చూడ్డం' అంది. పొయ్యి ముందు నించి లేవను కూడా లేవలా." కోటిలింగం గోడకు ఆనుకున్నాడు. "నమ్మలేదనే గదా కరీమూ. తీరా వచ్చినాక తెర మీద నేను లేకపోతే నా మొహం ఎట్టా చూడాలా అని రాలా."

"పోనీ నువ్వన్నా చూడు. ఎక్కించా గదా."

"నేను పడింది నాకు తెలుసు. చూడాల్సింది నేను కాదు."

కరీముల్లా నన్ను దించి డబ్బాలో పెట్టాడు. ఆ తరువాత ఎన్నోసార్లు అడిగాడు. కోటిలింగం ప్రతిసారీ తల అడ్డంగా ఊపి ఖాజా కుట్టుకునేవాడు. ఇంట్లో కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదట. భార్యాభర్తలు ఒక చిన్న ప్రశ్నను మధ్యలో పెట్టుకుని, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరుగుతూ జీవితం గడపగలరు. పైకి అది చాలా అన్యోన్యంగా కూడా కనిపిస్తుంది.

మిగిలిన కథలో నాకు పని లేదు. నా తోబుట్టువులు మాత్రం ఊరూరా నలిగి, గీతలు పడి, తెగి, అతుకులు వేయించుకుని, చివరకు తూకానికి అమ్ముడుపోయారు. అప్పట్లో పాత ఫిల్మును కరిగించి గాజులు చేసేవారు. తరాలను నవ్వించిన ఆ ముఖాలన్నీ ఎవరెవరి ముంజేతులమీదో గలగలలాడి ఉంటాయి. కోటిలింగం కాలం చేశాడు. పాడె లేపుతుండగా ఎవరో "మన పద్నాలుగో రీలు పోయాడ్రా" అన్నారట. అందులో ఎగతాళి లేదు. అప్పటికి అతని పేరు అదే. వీరభద్రయ్య తరువాత గోవర్ధన టాకీసు కల్యాణమండపమైంది. నిజం విందులు, నిజం పందిళ్ళు వచ్చాయి. కరీముల్లా నన్ను ఇంటికి తీసుకుపోయి బీరువామీద పెట్టాడు. నాకు వయసు మీదపడి, పాత ఊరగాయ జాడీలాగా పుల్లని వాసన పట్టుకుంది. ఇంట్లోవాళ్ళు పారేయమన్నప్పుడల్లా, "అది ఒకాయన సొత్తు," అనేవాడు.

తరువాత సినిమాలు ఫోన్లలోకి వచ్చాయి. 'మగపెళ్ళివారి లారీ' కూడా ఇంకొక ప్రింటు నుంచి వచ్చింది, పద్నాలుగో రీలు లేకుండా. దాని కింద జనం అభిప్రాయాలు రాయడం మొదలుపెట్టారు. ఇలాంటి కామెడీ ఇప్పుడెవరు తీస్తారని ఒకరు. అరగంట చూసి ఆపేశాను, ఎడిటింగ్ అనేది లేదా అని ఒకరు. మా నాన్న పక్కన కూర్చుని చూశాను, ఇప్పుడు నాన్న లేడు, లారీ ఉంది అని ఒకరు. బెజవాడ నేలా బాల్కనీ మళ్ళీ కలుసుకున్నాయి. ఒక్కసారి వింటే చాలునన్న మాటలు నేను రెండుసార్లు వినవలసి వచ్చింది. అయితే వాటిలో ఒక వ్యాఖ్య భిన్నమైనది. 'సత్రం దగ్గర పొడి బట్టలు, లారీ ఎక్కితే తడి బట్టలు. మధ్యలో ఏమైంది?' అని ఎవరో అడిగారు. కోటిలింగం హాలులో నిలబడి అడిగిన ప్రశ్నే అది. ఈసారి నవ్వకుండా వెతికిన మనిషి ఉన్నది. మృణాళిని అనే అధ్యాపకురాలు, పాత హాస్యచిత్రాల మీద పరిశోధన చేస్తున్నది. ఆ సినిమా ఆడిన ఊళ్ళన్నీ వెతుక్కుంటూ రేపల్లె వచ్చి, 'పద్నాలుగో రీలు' అనే మాట బస్టాండులోనే విని, దాని పుట్టుక ఆరా తీసి, కరీముల్లా బీరువా దాకా వచ్చింది.

ఆమె నన్ను జాగ్రత్తగా శుభ్రం చేయించి, నాలోని బొమ్మను కంప్యూటరులోకి ఎక్కించింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక కల్యాణమండపం ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, గోడమీద దాన్ని వేశారు. నన్ను డబ్బాతో సహా ఒక బల్లమీద, అందరూ చూడడానికి పెట్టారు. కరీముల్లా చేతికర్రతో నాంచారమ్మ ఇంటికి వెళ్ళి, "ఈసారన్నా రా వదినా," అన్నాడట. ఆమె మారుమాట లేకుండా చీర మార్చుకుని వచ్చింది.

గోడమీద అరుగు, పలక, పందిరి కనిపించాయి. కోటిలింగం గుండిగ ఎత్తుకుని నడిచాడు. జారాడు. పందిరి కూలింది. నేను మళ్ళీ ముఖాలు చూశాను. ముందువరసలో పెద్దవాళ్ళు కొందరు నవ్వారు. వెనుక కుర్రకారు ఫోన్లు చూసుకున్నారు. ఆట ముగిశాక వచ్చిన మాటలివి:

"అయితే కోటిలింగం తాత నిజంగానే పడ్డాడన్నమాట."

"పడితే పడ్డాళ్ళే. దీనికా ఇంత హడావిడి?"

"అప్పట్లో తీసేసినోడికి దణ్ణం పెట్టాల్రా. ఎంత సాగింది!"

"టీ ఇస్తారంటనా?"

"ఇస్తారిస్తారు, పద్నాలుగో రీల్లో."

ఆ మాటన్న కుర్రవాడు పద్నాలుగో రీలు చూసి లేచి పోతున్నాడు. నిజం ఊరందరి ఎదుటా రుజువైంది. నానుడి మాత్రం చెక్కుచెదరలేదు. ఎగతాళి చేసినవాళ్ళలో చాలామంది లేరు. ఉన్నవాళ్ళకు, ఎగతాళి చేశామన్నదే గుర్తులేదు. సూరిబాబు ముందువరసలోనే కూర్చుని, "మా బావ గొప్ప కళాకారుడమ్మా, నేనెప్పుడూ చెబుతూనే ఉన్నా," అని మృణాళినితో అన్నాడు.

జనం పోయారు. నాంచారమ్మ లేవలేదు. మృణాళిని వెళ్ళి పక్కన కూర్చుంది.

"అమ్మా, అప్పట్లో మీకు వేసి చూపిస్తామంటే రానన్నారట. నమ్మలేదా?"

"నమ్మకపోవడమేందమ్మా?" నాంచారమ్మ ఆశ్చర్యపోయింది. "ఆయనకి దెబ్బ తగిలిందని తెలిసి మద్రాసు ఆసుపత్రికి పోయింది నేనేగా. అప్పటికింకా జుట్టులో కరివేపాకు ఉంది. నేనే ఏరి తీశా. తాగి మెట్ల మీంచి పడ్డోడి తలలో కరివేపాకెట్టా వచ్చుద్ది? నాకు ఇంకేం చూపిస్తారు?"

"మరి ఎందుకు రాలా వదినా?" కరీముల్లా కర్ర ఆనుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఆయన పడతంటే చూడమన్నారు మీరు. పడ్డాక నా బతుకంతా చూస్తానే ఉన్నా గదయ్యా. మళ్ళీ పడేది కూడా చూడాల్నా?"

"ఈ మాట ఆయనకి చెప్పలేదా వదినా? నువ్వు నమ్మలేదనే అనుకున్నాడు చివరిదాకా."

"అడగలా ఆయన," అంది నాంచారమ్మ. "అడుగుతాడేమోనని నేనూ చూశా."

కరీముల్లా పక్కకు తిరిగి నా డబ్బా మూతను తడుముతూ నిలబడ్డాడు. చదువుకున్నవాళ్ళు ఇటువంటి చోట సాధారణంగా ఏదో ఒకటి చెబుతారు. మృణాళిని చెప్పకపోవడం నాకు నచ్చింది.

"ఇంకొకసారి వెయ్యమ్మా," అంది నాంచారమ్మ. "పడేదాకా వద్దు. ఆ అరుగు మీంచి నడుస్తాడు గదా, పలక చివరిదాకా. అంతవరకే. ఆడ ఆపెయ్యి."

వేశారు. కోటిలింగం అరుగుమీద నుంచి దిగాడు. రెండు కాళ్ళూ తిన్నగా, నడుము నిటారుగా, భుజాన నిండు గుండిగ. కింద పంక్తిలో తారలందరూ నవ్వు బిగబట్టుకుని ఉన్నారు. "చూడు, ఎట్టా నడుస్తన్నాడో," అంది ఆమె, తనలో తాను అనుకుంటున్నట్టు. "నాటకంలో మొదటిసారి చూసినప్పుడు కూడా ఇట్టాగే వచ్చాడు."

ఇప్పుడు నేను ఒక చల్లని గదిలో, కొత్త డబ్బాలో ఉన్నాను. నా గురించి మంచీ చెడూ ఇంకా రాస్తూనే ఉంటారని మృణాళిని చెబుతుంది. రాయనివ్వండి. నా వయసుకు అవి దూరాన పోయే రైలు చప్పుడులాంటివి. పుట్టినప్పటి నుంచీ నన్ను కత్తిరించమన్నవారే గాని పూర్తిగా ఉంచమన్నవారు లేరు. వకీలు అన్నాడు, పంపిణీదారు అన్నాడు, రైలు అన్నది, వెనుక వరస కుర్రవాళ్ళు అన్నారు. నేను ఇంతకాలం ఎదురుచూసిన ఒకే ఒక్క ప్రేక్షకురాలు కూడా, చివరకు వచ్చి, కత్తిరించమనే అన్నది. ఆ ఒక్క కోతకు మాత్రం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను.

ఆ రోజు మృణాళిని అక్కడే ఆపింది. గోడమీద కోటిలింగం పలక చివర నిలబడి ఉన్నాడు, ఒక కాలు ముందుకు వేయబోతూ. గుండిగలోంచి ఒక్క చుక్క కూడా తొణకలేదు.